తొలి వారంలో బిడ్డకు తల్లిపాలు అలవాటు చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కాన్పు అయిన మొదటి వారం పది రోజుల్లో బాలింతలు, వారి తల్లులు, అత్తగార్లు, భర్తలు పదేపదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాం. ఇవి ప్రధానంగా నెలలు నిండి ఆరోగ్యంగా పుట్టిన బిడ్డను దృష్టిలో పెట్టుకొని రాసినవి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల సంగతి విడిగా చెప్పాం. మీ బిడ్డను స్వయంగా పరీక్షించిన డాక్టరు వేరే సలహా ఇస్తే ఆ సలహానే పాటించండి.

బిడ్డ పుట్టిన ఎంతసేపటికి రొమ్ము అందించాలి?

గంటలోపు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్, మన కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పేది ఇదే. పుట్టగానే బాగా ఏడ్చి, ఊపిరి చక్కగా తీసుకుంటున్న బిడ్డను పొడిగా తుడిచి, మధ్యలో గుడ్డ అడ్డం లేకుండా తల్లి ఛాతీ మీద బోర్లా పడుకోబెట్టి, వీపు మీద పొడి గుడ్డ కప్పి వదిలేయాలి. కాసేపటికి బిడ్డ తన చేతిని తానే చప్పరిస్తుంది, తల ఎత్తి అటూ ఇటూ ఆడిస్తుంది, కాళ్లతో తన్నుకుంటూ రొమ్ము వైపు జరుగుతుంది. ఇందుకు అరగంట పట్టవచ్చు, అంతకంటే ఎక్కువ కూడా పట్టవచ్చు. తొందరపడి తల పట్టుకొని రొమ్ముకు అదిమితే చాలామంది పిల్లలు వెనక్కి విరుచుకొని ఏడుపు అందుకుంటారు.

మొదటి గంట, గంటన్నర బిడ్డ మంచి మెలకువలో ఉంటుంది, ఆ తరువాత చాలాసేపు నిద్రపోతుంది. తూకం, విటమిన్ కె ఇంజెక్షన్, బంధువులకు చూపించడం, ఫోన్లో ఫొటోలు ఇవన్నీ ఆ తొలి మెలకువను తినేయకుండా చూసుకోవాలి. స్నానమైతే కనీసం ఒక రోజు ఆగవచ్చు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 88.6 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నా, గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు 41.8 శాతమే. అంటే ఆసుపత్రికి వెళ్లినంత మాత్రాన ఈ పని జరిగిపోదు, కుటుంబం కూడా గట్టిగా అడగాలి.

సిజేరియన్ అయింది. తల్లి కదల్లేదు కదా, పాలు ఎలా పట్టాలి?

ఈ ప్రశ్న మన దగ్గర మరీ ఎక్కువ, ఎందుకంటే అదే సర్వేలో తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. ఆపరేషన్ సాధారణంగా వెన్నుకు ఇచ్చే మత్తుతో జరుగుతుంది కాబట్టి తల్లి మెలకువగానే ఉంటుంది. తల్లి, బిడ్డ ఇద్దరూ నిలకడగా ఉంటే థియేటర్లోనే, లేదా బయటి గదికి మార్చిన వెంటనే బిడ్డను రొమ్ముకు అందించవచ్చు. పూర్తి మత్తు ఇచ్చి ఉంటే తల్లికి తెలివి వచ్చి, బిడ్డను పట్టుకోగలిగిన వెంటనే మొదలుపెట్టవచ్చు. మత్తు మందు పాలలోకి దిగుతుందన్న భయంతో ఒక రోజంతా ఆపాల్సిన పని లేదు. ఆపరేషన్ తరువాత మామూలుగా ఇచ్చే పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మందులు కూడా పాలిచ్చే తల్లికి సరిపడేవే. నొప్పి భరిస్తూ కూర్చుంటే పాలు చేపుకు రావడమే కష్టమవుతుంది కనుక, నొప్పి ఉంటే దాచుకోకుండా మందు అడగండి.

కుట్ల మీద బరువు పడకుండా రెండు పద్ధతులు ఉన్నాయి. ఒకటి, తల్లి పక్కకు తిరిగి పడుకొని, వీపు వెనుక దిండు పెట్టుకొని, బిడ్డను తనకు ఎదురుగా పక్కకు తిప్పి పడుకోబెట్టుకోవడం. రెండోది, మంచం తల వైపు ఎత్తి కూర్చున్నాక బిడ్డను చంక కింద నుంచి తీసుకొని, కాళ్లు తల్లి వీపు వైపు ఉండేలా పట్టుకోవడం. మొదటి రెండు రోజులు ప్రతిసారీ ఒక మనిషి పక్కన ఉండాలి. ఆ మనిషి పని బిడ్డను అందించడం, తీసుకోవడం, తల్లికి మంచినీళ్లు ఇవ్వడం. చాలా వార్డుల్లో ఆ సహాయకురాలే డబ్బా పాలు కలపడంలో మునిగిపోతుంది, అదే చిక్కు.

ముర్రుపాలు చుక్కలుగానే వస్తున్నాయి. బిడ్డకు సరిపోతాయా?

సరిపోతాయి. మొదటి 24 గంటల్లో బిడ్డ ఒక్కోసారి తాగేది సుమారు 2 నుంచి 10 మిల్లీలీటర్లు. రెండో రోజు 5 నుంచి 15, మూడో రోజు 15 నుంచి 30, నాలుగో రోజు 30 నుంచి 60 మిల్లీలీటర్ల వరకు పెరుగుతుంది. రెండు చెంచాలు నిండని ఆ తొలి పాలను చూసి ‘ఏమీ లేవు’ అనుకోవడం సహజమే గానీ, వాటిలో రోగాల నుంచి కాపాడే పదార్థాలు తరువాత వచ్చే పాలలో కంటే చిక్కగా ఉంటాయి. బిడ్డ పేగుల్లోని నల్లటి తొలి మలాన్ని బయటకు నెట్టడానికీ ఇవి తోడ్పడతాయి. పసుపు రంగులో, జిగటగా ఉండడం చెడిపోయిన లక్షణం కాదు. మొదటి పాలు పిండి పారబోయాలన్న పాత అలవాటు ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది. దాన్ని మర్యాదగానే అయినా నిక్కచ్చిగా ఆపండి.

అరుదుగా, ముఖ్యంగా తొలి కాన్పు వారిలో, మొదటి రోజుల్లో పాలు గోధుమ రంగులోనో తుప్పు రంగులోనో వస్తాయి. రొమ్ములోని సన్నని నాళాల నుంచి కొద్దిగా రక్తం కలవడం వల్ల అలా జరుగుతుంది. బిడ్డకు హాని లేదు, కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. వారం దాటినా తగ్గకపోతే చూపించుకోవాలి.

‘పాలు పడలేదు’ అంటున్నారు. పాలు నిజంగా ఎప్పుడు పడతాయి?

ముర్రుపాలు గర్భంలోనే తయారై ఉంటాయి కాబట్టి పాలు ‘లేకపోవడం’ అనేది మొదటి రోజున దాదాపు ఉండదు. రొమ్ములు బరువెక్కి, పాలు ధారగా రావడాన్ని మన వాళ్లు పాలు పడటం అంటారు. అది రెండో రోజు నుంచి ఐదో రోజు లోపు జరుగుతుంది. మాయ బయటపడగానే ప్రొజెస్టెరాన్ అనే హార్మోను పడిపోతుంది, దానితో పాలు తయారు చేసే ప్రొలాక్టిన్‌కు అడ్డు తొలగుతుంది. తొలి కాన్పు, సిజేరియన్, మధుమేహం, అధిక బరువు, కాన్పులో ఎక్కువ రక్తం పోవడం వంటివి ఉంటే ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు.

హార్మోన్లు మొదలుపెట్టిన పనిని ఆ తరువాత నడిపించేది బిడ్డ నోరే. రొమ్ము ఎంత ఖాళీ అయితే అంత తయారవుతుంది, నిండుగా వదిలేస్తే తయారీ తగ్గుతుంది. పాడి ఉన్న ఇళ్లలో ఈ మాట ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు: దూడ మూతి పెట్టనిదే ఆవు చేపదు. ‘పాలు పడ్డాక పట్టిద్దాం, అందాకా డబ్బా పాలు పోద్దాం’ అన్న ఆలోచనలో ఉన్న లోపం ఇదే. కడుపు నిండిన బిడ్డ చప్పరించదు, చప్పరించకపోతే పాలు ఆలస్యమవుతాయి, ఆలస్యమయ్యాయి కాబట్టి మళ్లీ డబ్బా తెరుస్తారు. రొమ్ము పరిమాణానికీ పాల పరిమాణానికీ సంబంధం లేదు, అది కొవ్వులో తేడా మాత్రమే.

తేనె నాకించడం, పంచదార నీళ్లు, ఆముదం సంగతేమిటి?

వద్దు. తేనె వల్ల బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు రావచ్చు కనుక ఏడాది నిండే వరకు అసలు ఇవ్వకూడదు. ఆముదం పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. పంచదార నీళ్లు, గ్రైప్ వాటర్ బిడ్డ ఆకలిని చంపి రొమ్ముకు దూరం చేస్తాయి. పెద్దవాళ్లు ‘మా పిల్లలకు పోశాం, ఏమైంది’ అంటారు. వాదించడం కన్నా ‘డాక్టరుగారు ఆరు నెలల వరకు ఏమీ పోయవద్దన్నారు’ అనే మాట ఇంట్లో త్వరగా చెల్లుతుంది. డాక్టరు రాసే విటమిన్ డి చుక్కలు, రోజుకు 400 యూనిట్లు, దీనికి మినహాయింపు; అవి తల్లిపాలలో తగినంత ఉండవు.

బిడ్డ రొమ్మును సరిగ్గా పట్టుకుందని ఎలా తెలుస్తుంది?

తొలి వారంలో వచ్చే కష్టాల్లో సగానికి పైగా దీని దగ్గరే మొదలవుతాయని మా అభిప్రాయం, అందుకే కొంచెం వివరంగా చెబుతాం. బిడ్డ చప్పరించాల్సింది చనుమొనను కాదు, రొమ్మును. చనుమొన చుట్టూ ఉన్న నల్లని వలయంలో చాలా భాగం నోట్లోకి వెళ్లాలి. చనుమొన బిడ్డ అంగిలి వెనుక భాగంలోని మెత్తని చోటుకు చేరితే తల్లికి నొప్పి ఉండదు. చివరనే పట్టుకుంటే గట్టి అంగిలికీ నాలుకకూ మధ్య నలుగుతుంది, పాలూ సరిగా రావు.

కూర్చున్నాక ముందు మీ వీపుకు ఆసరా చూసుకోండి. మీరు బిడ్డ మీదకు వంగవద్దు, బిడ్డను మీ దగ్గరకు తెచ్చుకోండి. బిడ్డ పొట్ట మీ పొట్టకు ఆనాలి. చెవి, భుజం, తుంటి ఒకే వరుసలో ఉండాలి, మెడ పక్కకు తిరిగి ఉంటే మింగడం కష్టం. చేయి బిడ్డ మెడ కింద, భుజాల దగ్గర ఉండాలి గానీ తల వెనుక నొక్కకూడదు. బిడ్డ ముక్కు చనుమొనకు ఎదురుగా వచ్చేలా పెట్టి, చనుమొనతో పై పెదవిని తాకించండి. బిడ్డ తల కాస్త వెనక్కి వాల్చి, ఆవులించినంత పెద్దగా నోరు తెరిచే వరకు ఆగండి. అర నోరు తెరిచినప్పుడు కాదు, పూర్తిగా తెరిచిన ఆ క్షణంలో గడ్డం ముందుగా తాకేలా బిడ్డను దగ్గరకు లాక్కోండి. 

ఇప్పుడు చూడండి. గడ్డం రొమ్ములోకి ఆని ఉంటుంది, కింది పెదవి బయటకు మడిచి ఉంటుంది, నోరు బాగా తెరుచుకొని ఉంటుంది, నల్లని వలయం నోటి కింద కంటే పైన ఎక్కువ కనిపిస్తుంది. బుగ్గలు నిండుగా ఉంటాయి, లోపలికి గుంట పడవు. మొదట్లో గబగబా చప్పరించి, పాలు చేపుకు రాగానే లోతుగా, నెమ్మదిగా లాగుతూ మధ్యలో ‘క’ అన్నంత మెత్తని శబ్దంతో మింగుతుంది. పట్టుకున్న మొదటి కొన్ని సెకన్లు గుంజినట్లు ఉండవచ్చు. నొప్పి అలాగే ఉంటే మీ చిటికెన వేలిని బిడ్డ నోటి మూల నుంచి చిగుళ్ల మధ్యకు పోనిచ్చి పట్టు విడిపించి మళ్లీ పట్టించండి. ఊరికే లాగితే చనుమొన చీరుకుపోతుంది. తాగి వదిలాక చనుమొన గుండ్రంగా ఉందా, ఒక వైపు నొక్కుకుపోయి పలకగా ఉందా అని గమనించండి. పలకగా ఉంటే పట్టు లోతుగా లేదన్నమాట.

రోజుకు ఎన్నిసార్లు, ఎంతసేపు పట్టాలి?

24 గంటల్లో 8 నుంచి 12 సార్లు, రాత్రుళ్లు కలుపుకొని. రాత్రి వేళ ప్రొలాక్టిన్ ఎక్కువగా విడుదలవుతుంది కాబట్టి తల్లికి నిద్ర పాడవుతుందని రాత్రి పాలు మాన్పించడం మంచిది కాదు. గడియారం చూసి ‘రెండు గంటలు కాలేదు’ అనవద్దు. తల అటూ ఇటూ తిప్పుతూ నోరు తెరవడం, చేతులు నోట్లో పెట్టుకోవడం, నాలుక చాపడం ఆకలి గుర్తులు. ఏడుపు ఆలస్యంగా వచ్చే గుర్తు, అప్పటికి బిడ్డను శాంతింపజేస్తే గానీ రొమ్ము పట్టదు. ఒక వైపు తాగి తనంతట తాను వదిలేశాక రెండో వైపు ఇవ్వండి, తాగకపోతే తరువాతి సారి ఆ వైపు నుంచి మొదలుపెట్టండి. ఒక బిడ్డ పది నిమిషాల్లో ముగిస్తుంది, ఇంకొక బిడ్డ నలభై నిమిషాలు తీసుకుంటుంది.

మొదటి వారంలో మగతగా ఉండి మూడు గంటలు దాటినా లేవని బిడ్డను లేపి మరీ పట్టాలి. పొత్తిళ్లు విప్పడం, గుడ్డ మార్చడం, వీపు, అరికాళ్లు రుద్దడం చాలు. ముఖం మీద నీళ్లు చల్లనక్కర్లేదు.

మొదటి రోజు బాగా నిద్రపోయింది. రెండో రాత్రి అరగంటకొకసారి లేచి ఏడుస్తోంది. పాలు చాలకేనా?

ఎక్కువ డబ్బాలు ఈ రాత్రే తెరుచుకుంటాయి. పుట్టిన అలసట తీరిన బిడ్డ రెండో రాత్రికి పూర్తిగా మేల్కొంటుంది, తల్లి ఒంటి వెచ్చదనం కావాలంటుంది, పది నిమిషాలు తాగి కునుకు తీసి మళ్లీ రొమ్ము వెతుక్కుంటుంది. ఇది పాలు పడటానికి బిడ్డ చేసే పనే. ఆ రాత్రి ముందే తెలిసి ఉంటే సగం భయం తగ్గుతుంది: పగలు చూడడానికి వచ్చేవాళ్లను తగ్గించుకొని తల్లి పడుకోవాలి, రాత్రి గుడ్డలు మార్చడం, ఎత్తుకొని తిప్పడం తండ్రో అమ్మమ్మో చూసుకోవాలి. అయితే ఏడుస్తున్న బిడ్డ ఒంటికీ పోయడం లేదు, రొమ్ము పట్టినా మింగుతున్న శబ్దం లేదు అనిపిస్తే అది వేరే విషయం. ఆ రాత్రే నర్సును పిలిచి చూపించాలి.

పాలు చాలుతున్నాయో లేదో ఎలా తెలుసుకోవాలి?

రొమ్మును చూసి కాదు, పిండితే ఎన్ని చుక్కలు వచ్చాయో చూసి కాదు, బిడ్డను చూసి. మొదటి రోజు ఒకసారి, రెండో రోజు రెండుసార్లు, ఇలా పెరుగుతూ ఐదారు రోజులకు రోజుకు కనీసం ఆరుసార్లు లేత రంగులో మూత్రం పోయాలి. డైపర్ వాడితే తడి తెలియదు, కాబట్టి తొలి వారం పాత నూలు చీర ముక్కలే మేలు. మలం మొదట నల్లగా తారులా ఉండి, మూడో రోజుకు ఆకుపచ్చగా మారి, నాలుగైదు రోజులకు పసుపు పచ్చగా, గింజలు గింజలుగా వస్తుంది. ఐదో రోజుకు కూడా నల్లగానే ఉంటే బిడ్డకు పాలు అందడం లేదని అనుమానించాలి. తొలి రెండు రోజుల్లో గుడ్డ మీద ఇటుక రంగు మరక కనిపించడం మామూలే. మూడు రోజులు దాటాక కూడా కనిపిస్తే చూపించండి.

బరువు విషయంలో కుటుంబాలు అనవసరంగానూ భయపడతాయి, అవసరమైనప్పుడు పట్టించుకోకుండానూ ఉంటాయి. పుట్టిన బిడ్డ మొదటి మూడు నాలుగు రోజుల్లో తన బరువులో 7 శాతం దాకా తగ్గడం సహజం. మూడు కిలోలతో పుట్టిన బిడ్డ 2 కిలోల 800 గ్రాములకు వస్తే కంగారు లేదు. 10 శాతం, అంటే ఆ బిడ్డ 2 కిలోల 700 గ్రాములకు దిగితే, పాలు పట్టే తీరును వెంటనే పరిశీలించి డాక్టరు నిర్ణయం తీసుకోవాలి. 10 నుంచి 14 రోజుల్లో పుట్టిన బరువు తిరిగి రావాలి. డిశ్చార్జి నాటి బరువును కాగితం మీద రాయించుకోండి, లేకపోతే తరువాత ఎవరూ పోల్చి చూడలేరు.

ఎండాకాలంలో కాన్పు అయింది. బిడ్డకు నీళ్లు పట్టవద్దా?

పట్టవద్దు. తల్లిపాలలో దాదాపు 88 శాతం నీరే కాబట్టి రెంటచింతల, రామగుండం వంటి చోట్ల మే నెల ఎండల్లో కూడా విడిగా నీళ్లు అక్కర్లేదు. పాలు ఎక్కువసార్లు పట్టాలి, అంతే. కానీ వేసవిలో మన ఆసుపత్రులు తరచుగా చూసే ఒక ప్రమాదం ఉంది. మూడు నాలుగు రోజుల బిడ్డ, వేడి గది, నాలుగు పొరల పొత్తిళ్లు, తలకు టోపీ, సరిగా పట్టని రొమ్ము, ఇవన్నీ కలిస్తే బిడ్డ ఒంట్లో నీరు తగ్గి, రక్తంలో ఉప్పు శాతం పెరిగి, జ్వరం వస్తుంది. బిడ్డ మొదట చిరాగ్గా ఏడ్చి తరువాత మగతగా అయిపోతుంది, నోరు ఎండుతుంది, మాడు గుంట పడుతుంది. ‘బుద్ధిగా నిద్రపోతోంది’ అని ఇంట్లో సంతోషిస్తున్న బిడ్డల్లో కొందరు ఇలాంటివారే. చంకలో 37.5 డిగ్రీలు దాటితే అదనపు గుడ్డలు తీసి, పాలు పడుతూ, అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లండి. నవజాత శిశువు జ్వరాన్ని ‘వేడి చేసింది’ అని ఇంట్లోనే తేల్చేయకూడదు. గదిలో ఫ్యాను వేయవచ్చు, గాలి నేరుగా బిడ్డ మీదకు రాకుండా చూస్తే చాలు.

చనుమొనలు పగిలి రక్తం వస్తోంది. కొన్నాళ్లు ఆపమంటారా?

ఆపడం కన్నా పట్టు సరిచేయడం ముఖ్యం, ఎందుకంటే పగలడానికి ప్రధాన కారణం అదే. నొప్పి తక్కువగా ఉన్న వైపు ముందుగా ఇవ్వండి, తాగాక రెండు చుక్కల పాలు రాసి గాలికి ఆరనివ్వండి. సబ్బు, డెట్టాల్, స్పిరిట్ వద్దు. రోజూ చేసే స్నానమే శుభ్రతకు చాలు. నొప్పి అసలు భరించలేకపోతే ఆ వైపు పాలను ఒక రోజు చేత్తో పిండి ఉగ్గు గిన్నెతో పట్టండి. బిడ్డ నాలుక కింది పొర మరీ బిగుతుగా ఉన్నా ఇలా జరుగుతుంది కనుక, పట్టు సరిచేసినా తగ్గకపోతే బిడ్డ నోరు చూపించండి.

మూడో రోజు రొమ్ములు రాయిలా గట్టిపడ్డాయి. బిడ్డ పట్టుకోలేకపోతోంది. ఏం చేయాలి?

పాలతో పాటు రక్తం, నీరు కూడా చేరడం వల్ల వచ్చే వాపు అది. ఆసుపత్రిలో ఎక్కువ సెలైన్ ఎక్కించుకున్న వారికి మరింత ఉంటుంది. వలయం గట్టిపడి ఉంటే బిడ్డ నోటికి అందదు. పాలు పట్టే ముందు చనుమొన చుట్టూ వేళ్ల కొనలు ఆనించి, ఛాతీ వైపు మెత్తగా ఒక నిమిషం నొక్కి ఉంచితే అక్కడి నీరు వెనక్కి పోయి వలయం మెత్తబడుతుంది. వెంటనే పట్టించండి. మధ్యలో చల్లని తడిగుడ్డ కాపడం వాపును తగ్గిస్తుంది. గట్టిగా పిసకడం, దువ్వెనతో గీయడం, మరిగే నీళ్ల కాపడం వంటివి లోపలి కణజాలాన్ని దెబ్బతీస్తాయి. పంపుతో పూర్తిగా ఖాళీ చేస్తే ఇంకా ఎక్కువ తయారవుతాయి, హాయిగా అనిపించేంత మాత్రమే తీయండి. 

రొమ్ములో ఒక చోట ఎర్రబడి, వేడిగా, నొప్పిగా ఉండి, చలి జ్వరం వస్తే డాక్టరుకు చూపించాలి. అప్పుడు కూడా ఆ వైపు పాలు బిడ్డకు హానికరం కావు, ఆపితే చీము గడ్డ కట్టే అవకాశమే పెరుగుతుంది.

చనుమొనలు చదునుగా, లోపలికి ఉన్నాయి. పాలివ్వగలనా?

చాలామంది ఇవ్వగలరు, బిడ్డ పట్టేది రొమ్మును కాబట్టి. పట్టే ముందు కాసేపు వేళ్లతో చనుమొనను తిప్పడం, రొమ్మును బిడ్డ పెదవులకు సమాంతరంగా వచ్చేలా బొటనవేలు, చూపుడు వేళ్ల మధ్య నొక్కి పట్టుకోవడం ఉపయోగపడతాయి. పాలు పడి రొమ్ము గట్టిపడక ముందే, మొదటి రెండు రోజుల్లోనే బిడ్డకు అలవాటు చేయాలి. ఈలోగా సీసా పీక ఇస్తే బిడ్డ దానికే అలవాటు పడుతుంది.

పాలు పిండి తీయడం, దాచడం ఎలా?

చేతులు కడుక్కొని, మరిగించి ఆరబెట్టిన వెడల్పాటి గిన్నె తీసుకోండి. బొటనవేలు వలయం పైన, చూపుడు వేలు కింద, చనుమొనకు రెండు వేళ్ల వెడల్పు దూరంలో పెట్టి, ముందు ఛాతీ వైపు నొక్కి, తరువాత రెండు వేళ్లనూ దగ్గరకు అదిమి వదలాలి. చర్మం మీద వేళ్లు జారకూడదు, చనుమొనను లాగకూడదు. మొదటి నిమిషం ఏమీ రాకపోవచ్చు, లయగా చేస్తూ ఉంటే చుక్కలు, తరువాత సన్నని ధారలు వస్తాయి. ముర్రుపాలైతే సూది లేని సిరంజితో చుక్కలను పీల్చుకొని పట్టవచ్చు. 

పిండిన పాలు 25 డిగ్రీల లోపు గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటాయి. మన వేసవి గదుల్లో అంతసేపు ఉంచవద్దు. పొయ్యి మీద కాచకుండా, గిన్నెను గోరువెచ్చని నీళ్లలో పెట్టి చల్లదనం పోగొట్టండి. పట్టేటప్పుడు బిడ్డను కొంచెం నిటారుగా పట్టుకొని, ఉగ్గు గిన్నె అంచును కింది పెదవికి ఆనించి, బిడ్డ తానే నాలుకతో అందుకునేలా వంచాలి, నోట్లో పోయకూడదు.

డబ్బా పాలు ఎప్పుడు తప్పనిసరి?

బిడ్డ రక్తంలో చక్కెర తగ్గినప్పుడు, బరువు ప్రమాదకరంగా పడిపోయినప్పుడు, తల్లి పరిస్థితి విషమంగా ఉన్నప్పుడు అదనపు పాలు మందుతో సమానం. అలాంటప్పుడు తల్లి తప్పు చేసినట్లు బాధపడనక్కర్లేదు, ఇంట్లో ఎవరూ అలా మాట్లాడకూడదు. మధుమేహం ఉన్న తల్లికి పుట్టిన బిడ్డ, నెలలు నిండని బిడ్డ, బరువు మరీ తక్కువగానో ఎక్కువగానో ఉన్న బిడ్డకు చక్కెర పరీక్షలు చేస్తారు. అదనపు పాలుగా ముందు తల్లి పిండిన పాలు, అవి లేకపోతే తల్లిపాల బ్యాంకు పాలు, ఆ తరువాతే డబ్బా పాలు. ముంబయిలోని సయాన్ ఆసుపత్రిలో 1989లో మొదలైన ఈ బ్యాంకుల పద్ధతి ఇప్పుడు మన దగ్గరా ఉంది. హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలో ‘ధాత్రి’ పేరుతో నడుస్తోంది. పక్కింటి బాలింత పాలను పరీక్షలు లేకుండా పట్టడం మాత్రం మంచిది కాదు. 

డబ్బా పాలు ఇవ్వాల్సి వస్తే ఎన్ని మిల్లీలీటర్లు, ఎన్నిసార్లు, ఎప్పటి వరకు అని డాక్టరును అడిగి రాయించుకోండి. ‘ఏడిస్తే పట్టండి’ అనేది సలహా కాదు. పొడి, నీళ్లు డబ్బా మీద ఉన్న కొలత ప్రకారమే కలపాలి, పొదుపు కోసం పలుచన చేస్తే ప్రమాదం. ఇచ్చిన ప్రతిసారీ తల్లి రొమ్మును పట్టించడమో పిండడమో చేయకపోతే పాలు తగ్గిపోతాయి. శిశు పాల ప్రత్యామ్నాయాల ప్రచారాన్ని, ఉచిత నమూనాలు పంచడాన్ని 1992 నాటి చట్టం, 2003 సవరణతో కలిపి, నిషేధించింది. కాబట్టి ఆసుపత్రిలో ఎవరైనా ఉచితంగా డబ్బా చేతిలో పెడితే అది బహుమతి కాదు, నేరం.

బిడ్డ నెలలు నిండకుండా పుట్టి ఐసీయూలో ఉంది. ఇప్పుడేం చేయాలి?

వీలైతే మొదటి గంటలోనే, కనీసం ఆరు గంటలలోపు పిండడం మొదలుపెట్టి, రోజుకు ఎనిమిది సార్లకు తగ్గకుండా, రాత్రి ఒకటి రెండు సార్లు కలుపుకొని కొనసాగించండి. నాలుగు చుక్కలు వచ్చినా ఐసీయూకు పంపండి. అంత తక్కువ ముర్రుపాలను బిడ్డ బుగ్గల లోపల రాస్తారు. డాక్టరు అనుమతించగానే బిడ్డను ఛాతీకి ఆనించి గుడ్డతో కట్టుకునే కంగారూ పద్ధతి మొదలుపెట్టండి. తండ్రి కూడా అలా కట్టుకోవచ్చు.

బిడ్డకు కామెర్లు వచ్చాయి. పాలు ఆపాలా, ఎండలో పెట్టాలా?

రెండూ వద్దు. రెండు మూడు రోజులకు మొదలై వారానికి తగ్గే పసుపు చాలామంది పిల్లల్లో కనిపిస్తుంది. పాలు బాగా తాగి మలం బాగా పోతేనే అది త్వరగా తగ్గుతుంది. ఎండలో పెట్టడం నమ్మదగిన చికిత్స కాదు, అవసరమైతే ఆసుపత్రిలో నీలి కాంతి కింద ఉంచుతారు, మధ్యలో పాలు పడుతూనే ఉంటారు. పుట్టిన 24 గంటల్లోపే పసుపు కనిపించినా, అరచేతులు, అరికాళ్ల దాకా పాకినా, మలం తెల్లగా వచ్చినా ఆగకుండా వెళ్లాలి.

బాలింత పథ్యం పాటించాలా?

వెల్లుల్లి, మెంతులు, మునగాకు వండుకొని తింటే తప్పేమీ లేదు, ఇష్టంగా వండిపెట్టే మనిషి ఉండడమే బాలింతకు బలం. అయితే పాలు పెంచేవి ఇవేనని వీటి కోసం ఎదురుచూస్తూ పాలు పట్టడం తగ్గిస్తే లాభం లేదు. అభ్యంతరం ఉన్నది పథ్యంలోని ‘వద్దు’ల మీద. మంచినీళ్లు తగ్గించడం, పప్పు, పెరుగు, పండ్లు మాన్పించి పది రోజులు కారప్పొడి అన్నంతో సరిపెట్టడం తల్లిని నీరసపరుస్తుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సిఫారసు ప్రకారం మొదటి ఆరు నెలలు పాలిచ్చే తల్లికి రోజుకు 600 కేలరీలు అదనంగా కావాలి. దాహం వేసినప్పుడల్లా నీళ్లు తాగాలి. తల్లి పెరుగు తింటే బిడ్డకు జలుబు చేయదు. ఐరన్, కాల్షియం మాత్రలు కాన్పు తరువాత 180 రోజులు వేసుకోవాలి. అంగన్‌వాడీలో బాలింతలకు ఇచ్చే ఆహారం ఆరు నెలలు మీ హక్కు.

తల్లికి జబ్బు ఉంటే, మందులు వాడుతుంటే?

జలుబు, జ్వరం, థైరాయిడ్, మధుమేహం, రక్తపోటు ఉన్నా పాలివ్వవచ్చు. హెపటైటిస్ బి ఉన్న తల్లి, బిడ్డకు పుట్టగానే టీకా, ఇమ్యునోగ్లోబులిన్ (వెంటనే రక్షణనిచ్చే ఇంజెక్షన్) వేయించి పాలివ్వవచ్చు. క్షయకు మందులు వాడుతున్నవారూ ఇవ్వవచ్చు, బిడ్డకు నివారణ మందు గురించి డాక్టరు చెబుతారు. హెచ్‌ఐవీ ఉన్న తల్లులు క్రమం తప్పకుండా మందులు వాడుతూ మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇవ్వడం మన దేశంలో అనుసరిస్తున్న విధానం. క్యాన్సర్ మందులు వాడేవారు ఇవ్వకూడదు. ఏ మందు రాసినా ‘పాలిస్తున్నాను’ అని ముందే చెప్పండి, పాలు పెరిగే మాత్రలను సొంతంగా కొనుక్కోవద్దు.

బిడ్డ రొమ్ములు ఉబ్బి పాలలాంటి ద్రవం వస్తోంది. పిండాలా?

ఎట్టి పరిస్థితుల్లోనూ పిండవద్దు. తల్లి హార్మోన్ల ప్రభావంతో మగపిల్లలకైనా ఆడపిల్లలకైనా అలా ఉబ్బుతుంది, కొన్ని వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. స్నానం చేయించేవాళ్లు పిండితే సూక్ష్మక్రిములు చేరి చీము పట్టే ప్రమాదం ఉంది. ఈ మాట వాళ్లకు మొదటి రోజే చెప్పి ఉంచండి.

తాగిన ప్రతిసారీ కొంచెం కక్కుతోంది. పర్వాలేదా?

బరువు పెరుగుతూ, హుషారుగా ఉంటే పర్వాలేదు. తాగాక కాసేపు భుజం మీద వేసుకొని త్రేన్పు తీయించండి. పచ్చగా, పసరులా కక్కితే మాత్రం అది అత్యవసరం.

ఇంటికి వచ్చాక ఎవరిని అడగాలి, ఎప్పుడు పరుగెత్తాలి?

డిశ్చార్జికి ముందే, ఒకసారి మొదటి నుంచి చివరి దాకా మీరు పాలు పట్టడాన్ని నర్సును పక్కన నిలబడి చూడమని అడగండి. ఇంటికి వచ్చాక ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వచ్చి బిడ్డను తూచి, ఉష్ణోగ్రత చూడాలి. రాకపోతే ఫోన్ చేసి పిలవండి, పట్టణాల్లో ఈ సంగతి చాలామందికి తెలియదు. బిడ్డ రొమ్ము పట్టడం మానేసినా, లేపినా లేవకపోయినా, నిమిషానికి 60 సార్లకు మించి ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, ఒళ్లు వేడిగానో చల్లగానో ఉన్నా, ఫిట్స్ వచ్చినా, ఎనిమిది గంటలుగా మూత్రం పోయకపోయినా రాత్రయినా సరే బయలుదేరండి. దారి పొడవునా బిడ్డను మీ ఛాతీకి ఆనించుకొని వెచ్చగా ఉంచండి, మింగగలిగితే పాలు పడుతూ ఉండండి, డిశ్చార్జి కాగితం వెంట తీసుకువెళ్లండి.